అరుదైన పాత స్పోర్ట్ మోటార్‌సైకిళ్లు: ఉత్తర తెలంగాణ నేపథ్యంలో

తయారీ ఆగిపోయి, తక్కువ సంఖ్యలో మిగిలి, తమ కాలంలో వేగానికీ చురుకుదనానికీ పేరుపొందిన ద్విచక్ర వాహనాలను అరుదైన పాత స్పోర్ట్ మోటార్‌సైకిళ్లు అంటారు. భారతదేశంలో వీటిలో ఎక్కువ భాగం 1961–1996 మధ్య విదేశీ సాంకేతిక సహకారంతో తయారైన టూస్ట్రోక్ బండ్లు. జావా, యెజ్డీ, రాజ్‌దూత్ 350, యమహా ఆర్‌ఎక్స్ 100 వీటిలో ముఖ్యమైనవి. ఫోర్‌స్ట్రోక్ అయినా ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌ను కూడా అభిమానులు వీటి సరసనే చేరుస్తారు. బాసర, భైంసా, నిర్మల్, ఆదిలాబాద్, మంచిర్యాల, కరీంనగర్ ప్రాంతాల్లోనూ ఈ బండ్ల పట్ల ఆసక్తి కనిపిస్తుంది. ఈ వ్యాసం వాటి చరిత్ర, రకాలు, పనితీరు, చట్టపరమైన స్థితి, పరిరక్షణలను వివరిస్తుంది.

నిర్వచనం

‘వింటేజ్’ అనే మాటకు అన్ని చోట్లా ఒకే కొలత లేదు. బ్రిటన్‌లో 1946లో ఏర్పడిన వింటేజ్ మోటార్‌సైకిల్ క్లబ్ 25 ఏళ్లు దాటిన బండ్లను తన పరిధిలోకి తీసుకుంటుంది. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫివా 30 ఏళ్లు నిండి, చారిత్రకంగా సరైన స్థితిలో ఉండి, రోజువారీ ప్రయాణానికి వాడని వాహనాన్ని చారిత్రక వాహనంగా గుర్తిస్తుంది. భారత ప్రభుత్వం 2021లో కేంద్ర మోటారు వాహన నియమాలకు చేసిన సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి, మూలరూపం చెడకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలే వింటేజ్ వాహనాలు (చూ. చట్టపరమైన స్థితి).

‘స్పోర్ట్’ అనే విభాగం కాలాన్నిబట్టి మారుతుంది. 1985లో 98 సీసీ ఇంజిన్, 11 బీహెచ్‌పీ శక్తి ఉన్న తేలికపాటి బండి భారతీయ రోడ్ల మీద స్పోర్ట్ బండే. నేటి లెక్కలో అది సాధారణ కమ్యూటర్ స్థాయి. కాబట్టి ఒక బండిని ఈ విభాగంలో చేర్చేటప్పుడు దాని సమకాలీన బండ్లతో పోల్చి చూడాలి.

చరిత్ర

ప్రపంచ నేపథ్యం: మోటార్‌సైకిల్ పందేలలో పేరుమోసిన ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ 1907లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బీఎస్‌ఏ గోల్డ్‌స్టార్, విన్సెంట్ బ్లాక్ షాడో, ట్రయంఫ్ బానెవిల్ వంటి బ్రిటిష్ బండ్లు వేగానికి ప్రమాణాలుగా నిలిచాయి. 1969లో వచ్చిన హోండా సీబీ 750 నాలుగు సిలిండర్ల ఇంజిన్, సెల్ఫ్ స్టార్ట్, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఒకే బండిలో అందించి జపాన్ ఆధిపత్యానికి దారి వేసింది.

టూస్ట్రోక్ ఇంజిన్ చరిత్రకు తూర్పు జర్మనీ కీలకం. ఎంజెడ్ సంస్థ ఇంజినీరు వాల్టర్ కాడెన్ 1950లలో సైలెన్సర్‌లో పుట్టే ఒత్తిడి తరంగాలను ఉపయోగించుకునే ఎక్స్‌పాన్షన్ చాంబర్‌ను అభివృద్ధి చేశాడు. ఆ సంస్థ రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ పోటీ సమయంలో దేశం విడిచి వెళ్లి, తనకు తెలిసిన సాంకేతిక రహస్యాలను సుజుకి సంస్థకు చేర్చాడు. 1962లో 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకి మీద అతడే గెలిచాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో జపాన్ టూస్ట్రోక్ బండ్లు ప్రపంచమంతా వ్యాపించాయి. 1980లలో భారతదేశానికి వచ్చిన జపాన్ సాంకేతికతకు ఈ పరిణామమే పునాది.

భారతదేశంలో తొలి దశ: 1955లో మద్రాసు శివారులోని తిరువొత్తియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. 1960లో మైసూరులో ఏర్పడిన ఐడియల్ జావా సంస్థ, మరుసటి ఏడాది నుంచి చెకోస్లొవేకియా సాంకేతికతతో జావా 250 బండ్లను తయారుచేసింది. 1970లలో వాటికి యెజ్డీ అనే పేరు వచ్చింది. ఎస్కార్ట్స్ సంస్థ పోలెండ్‌కు చెందిన ఎస్‌హెచ్‌ఎల్ నమూనా ఆధారంగా రాజ్‌దూత్ 175ను తయారుచేసింది. 1973లో వచ్చిన హిందీ చిత్రం ‘బాబీ’లో కనిపించిన రాజ్‌దూత్ జీటీఎస్‌కు ‘బాబీ బండి’ అనే పేరు స్థిరపడింది.

జపాన్ సహకార దశ: 1980లలో విదేశీ సహకారానికి ఇచ్చే అనుమతుల నిబంధనలను ప్రభుత్వం సడలించింది. ఎస్కార్ట్స్ 1983లో యమహా ఆర్‌డీ 350 ఆధారంగా రాజ్‌దూత్ 350ను తెచ్చింది. 1984లో టీవీఎస్ భాగస్వామ్యంతో ఇండ్-సుజుకి ఏఎక్స్ 100, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది చివర్లో యమహా ఆర్‌ఎక్స్ 100, ఆ తర్వాత కావాసాకి బజాజ్ కేబీ 100 మార్కెట్‌కు వచ్చాయి. వీటిలో సీడీ 100 ఒక్కటే ఫోర్‌స్ట్రోక్. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచే ఆ ఇంజినే తర్వాతి కాలానికి మార్గం చూపింది.

టూస్ట్రోక్ ముగింపు: 1991, 1996, 2000 సంవత్సరాల్లో దశలవారీగా వచ్చిన ఉద్గార నిబంధనలు టూస్ట్రోక్ బండ్లకు కష్టం తెచ్చాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ, మైసూరు యెజ్డీ కర్మాగారం రెండూ 1996లోనే ఆగిపోయాయి. యమహా ఆర్‌ఎక్స్ 135 ఇంకొన్నేళ్లు సాగి 2000ల మధ్యలో నిలిచిపోయింది. 1999లో హీరో హోండా సీబీజెడ్, 2001లో బజాజ్ పల్సర్ రాకతో భారతీయ స్పోర్ట్ బండి అంటే ఫోర్‌స్ట్రోక్ అనే దశ మొదలైంది.

రకాలు

యూరోపియన్ మూలం గల టూస్ట్రోక్‌లు: జావా 250, యెజ్డీ క్లాసిక్, యెజ్డీ రోడ్‌కింగ్ ఈ కోవకు చెందినవి. జావా 250లో ఒకే సిలిండర్‌కు రెండు సైలెన్సర్లు ఉంటాయి. గేరు లివరునే తిప్పి కిక్ రాడ్‌గా వాడుకోవచ్చు. గేరు మార్చేటప్పుడు క్లచ్ దానంతటదే విడిపోయే ఏర్పాటు ఈ బండ్ల మరో ప్రత్యేకత. 1978లో వచ్చిన రోడ్‌కింగ్ 16 బీహెచ్‌పీ శక్తితో ఆ కాలపు పందేలలోనూ ర్యాలీలలోనూ బాగా వాడుకలో ఉండేది.

జపాన్ మూలం గల టూస్ట్రోక్‌లు: రాజ్‌దూత్ 350లో పక్కపక్కనే రెండు సిలిండర్లు, ఆరు గేర్లు ఉంటాయి. తొలి రకం 30.5 బీహెచ్‌పీ, తర్వాత మైలేజీ కోసం తగ్గించిన రకం 27 బీహెచ్‌పీ శక్తినిచ్చేవి. వీటిని అభిమానులు హైటార్క్, లోటార్క్ అని పిలుస్తారు. ధర, పెట్రోలు ఖర్చు, విడిభాగాల కొరత వల్ల అది తన కాలంలో ఎక్కువగా అమ్ముడుపోలేదు. నేటి అరుదుదనానికి అదే ప్రధాన కారణం. ఆర్‌ఎక్స్ 100 ఇందుకు భిన్నంగా లక్షలాది కుటుంబాలకు తెలిసిన బండి. సుమారు 100 కిలోల బరువు, 11 బీహెచ్‌పీ శక్తి కలిసి దానికి చురుకైన పికప్‌నిచ్చాయి. సుజుకి షోగన్, షావొలిన్, యమహా ఆర్‌ఎక్స్ జెడ్ కూడా ఈ వర్గంలోనివే.

ఫోర్‌స్ట్రోక్‌లు: పాత పోత ఇనుప ఇంజిన్ గల బుల్లెట్ 350 ఇందులో ముఖ్యమైనది. గేరు కుడికాలికీ వెనుక బ్రేకు ఎడమకాలికీ ఉండటం దీని పాత రకాల లక్షణం. బ్రిటిష్ కాలం నుంచి మిగిలిన బీఎస్‌ఏ, నార్టన్, ట్రయంఫ్, మ్యాచ్‌లెస్ బండ్లు ఇంకా అరుదు.

పనితీరు

బోరు, స్ట్రోకు: సిలిండర్ వ్యాసాన్ని బోరు అనీ, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని స్ట్రోకు అనీ అంటారు. ఒక బండి స్వభావం చాలావరకు ఈ రెండు కొలతల నిష్పత్తిలోనే తెలుస్తుంది. బుల్లెట్ 350లో ఇవి 70, 90 మిల్లీమీటర్లు. స్ట్రోకు పొడవు కాబట్టి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ తక్కువ వేగంలోనే లాగుడు శక్తినిస్తుంది. జావా 250లో 65, 75 మిల్లీమీటర్లు. ఆర్‌ఎక్స్ 100లో రెండూ 50 మిల్లీమీటర్లే. రాజ్‌దూత్ 350లో బోరు 64, స్ట్రోకు 54 మిల్లీమీటర్లు. స్ట్రోకు కన్నా బోరు పెద్దది కావడంతో ఆ ఇంజిన్ త్వరగా ఎక్కువ తిప్పులు అందుకుంటుంది.

టూస్ట్రోక్ సూత్రం: ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ రెండుసార్లు తిరిగితే ఒకసారి ఇంధనం మండుతుంది. టూస్ట్రోక్‌లో ప్రతి తిప్పుకూ మండుతుంది. వాల్వులు, క్యామ్ లేకపోవడంతో ఇంజిన్ తేలికగా ఉంటుంది. పిస్టన్ కదులుతూ సిలిండర్ గోడలోని రంధ్రాలను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. కాలిన వాయువు బయటికి పోతున్నప్పుడే తాజా మిశ్రమం లోపలికి వస్తుంది కాబట్టి అందులో కొంత కాలకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. ఎక్కువ పెట్రోలు ఖర్చుకూ ఎక్కువ హైడ్రోకార్బన్ల విడుదలకూ ఇదే కారణం.

రీడ్ వాల్వు, ఎక్స్‌పాన్షన్ చాంబర్: కార్బొరేటర్‌కూ క్రాంక్ గదికీ మధ్య ఉండే సన్నని రేకుల వంటి రీడ్ వాల్వు మిశ్రమాన్ని లోపలికి రానిచ్చి వెనక్కి పోనివ్వదు. యమహా బండ్లలో ఇది తక్కువ వేగంలోనూ మంచి స్పందన ఇచ్చింది. ఎక్స్‌పాన్షన్ చాంబర్‌లోని శంకువు ఆకారపు భాగాల నుంచి వెనుదిరిగే ఒత్తిడి తరంగం, బయటికి జారిన తాజా మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి నెడుతుంది. ఇది ఒక నిర్దిష్ట వేగ పరిధిలోనే పూర్తిగా పనిచేస్తుంది. ఆ పరిధి చేరగానే బండి ఒక్కసారిగా దూకినట్టు అనిపించడానికి కారణం ఇదే. సైలెన్సర్ కొలతలు మారిస్తే ఈ పొందిక చెడి, చప్పుడు పెరిగినా శక్తి తగ్గవచ్చు.

లూబ్రికేషన్: జావా, యెజ్డీ బండ్లలో 2టీ (టూస్ట్రోక్) ఆయిల్‌ను పెట్రోలు ట్యాంకులోనే కలపాలి. ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్ 350లలో వేరే ఆయిల్ ట్యాంకు, ఇంజిన్ వేగాన్నిబట్టి ఆయిల్ పంపే ఆటోలూబ్ పంపు ఉంటాయి. ఈ పంపు సరిగా పనిచేయకపోతే పిస్టన్ సిలిండర్‌కు పట్టేస్తుంది. దీన్నే మెకానిక్కులు ఇంజిన్ సీజ్ కావడం అంటారు.

ఇగ్నిషన్: పాత బుల్లెట్, జావా, రాజ్‌దూత్ 350 బండ్లలో కాంటాక్ట్ బ్రేకర్ పాయింట్లు ఉంటాయి. అవి అరిగినప్పుడల్లా సందు సరిచూసి టైమింగ్ సెట్ చేయాలి. తర్వాత వచ్చిన సీడీఐ ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఈ పని లేకుండా చేసింది.

సాంకేతిక మార్పులు

బ్రేకులు: ఆర్‌డీ 350 మూల జపాన్ నమూనాలో ముందు డిస్క్ బ్రేకు ఉండేది. భారతీయ రాజ్‌దూత్ 350కి ఖర్చు తగ్గించడానికి డ్రమ్ బ్రేకు అమర్చారు. 1990ల చివరి నుంచి డిస్క్ బ్రేకులు సాధారణమయ్యాయి. 125 సీసీ పైబడిన కొత్త నమూనాలకు 2018 ఏప్రిల్ నుంచి, ఆ తరగతిలోని అన్ని కొత్త బండ్లకూ 2019 ఏప్రిల్ నుంచి బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది.

ఇంధన వ్యవస్థ: కార్బొరేటర్ స్థానంలో ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2008లో వచ్చిన 149 సీసీ యమహా ఆర్ 15, ఇంజెక్షన్‌తో పాటు లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లను చిన్న బండిలో అందించింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 ఉద్గార నిబంధనలు అమలయ్యాక ఇంజెక్షన్ దాదాపు అన్ని బండ్లకూ వచ్చింది.

పాత పేర్లు, కొత్త ఇంజిన్లు: 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు క్లాసిక్ లెజెండ్స్ సంస్థ ద్వారా తిరిగి వచ్చాయి. రూపం పాతదాన్ని గుర్తుచేసినా లోపలిది లిక్విడ్ కూలింగ్ గల ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్. కొత్త జావా 293 సీసీ, కొత్త యెజ్డీ 334 సీసీ ఇంజిన్లతో విడుదలయ్యాయి. పాత కిక్కు, పొగ, టూస్ట్రోక్ చప్పుడు వీటిలో ఉండవు.

విద్యుత్ బండ్లు: ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన ప్యూర్ ఈవీ సంస్థ ఈట్రిస్ట్ 350 అనే విద్యుత్ మోటార్‌సైకిల్‌ను తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు ప్రకటించింది. గేర్లు, క్లచ్, సైలెన్సర్ లేని ఈ బండ్లతో మోటార్‌సైకిల్ నడిపే పద్ధతే మారుతోంది.

ఉత్తర తెలంగాణలో

బాసర గోదావరి ఒడ్డున ఉన్న సరస్వతీ క్షేత్రం. 2016 అక్టోబరు 11 వరకు ఆదిలాబాద్ జిల్లాలో భాగం, ఆ తర్వాత నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. నిజామాబాద్ నుంచి నవీపేట మీదుగా వచ్చి, ముథోల్, భైంసా వైపు సాగే రోడ్డు మీద ఇది ఉంది. నిర్మల్–ఆదిలాబాద్ దారిలోని మహబూబ్ ఘాట్ మలుపులు, కుంటాల, పొచ్చెర జలపాతాల మార్గాలు బండి మీద విహారానికి వెళ్లేవారికి సుపరిచితం.

నంబరు ప్లేటు ఆధారాలు: 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలైలో అమల్లోకి వచ్చాక ఆదిలాబాద్ జిల్లాకు ఏపీ 01 కోడ్ దక్కింది. 2014 తర్వాత టీఎస్ 01, జిల్లాల విభజన తర్వాత నిర్మల్‌కు టీఎస్ 18, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అక్షరాలు వచ్చాయి. పాత బండికి పాత నంబరే కొనసాగుతుంది. కాబట్టి ఏపీ 01 ప్లేటు ఉన్న ఆర్‌ఎక్స్ 100 తెలంగాణ ఏర్పాటుకు ముందే ఆదిలాబాద్‌లో రిజిస్టర్ అయిందని చెప్పవచ్చు. 1989కి ముందు నాటి బండ్లకు మూడు అక్షరాల నంబర్లుంటాయి.

వాతావరణం: ఎండాకాలంలో 45 డిగ్రీల దాకా చేరే వేడి, గాలితో చల్లబడే పాత ఇంజిన్లకు పరీక్ష పెడుతుంది. ఆదిలాబాద్ ప్రాంతపు చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంటుంది. అప్పుడు చోక్ లేకుండా కిక్కుకు అందుకోవడం కష్టం.

ఆచారాలు: దసరాకు ఆయుధపూజలో భాగంగా బండిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేయడం ఇంటింటా ఉన్నదే. తాతలు, తండ్రులు కొన్న పాత బండికీ కొత్త బండికీ ఆ రోజు ఒకే మర్యాద. నడవని బండిని కూడా అమ్మకుండా ఇంట్లో ఉంచుకోవడానికి ఇటువంటి అనుబంధం ఒక కారణం.

చట్టపరమైన స్థితి

2021 నియమాల ప్రకారం వింటేజ్ వాహనానికి రాష్ట్ర కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పునఃరిజిస్ట్రేషన్‌కు 5,000 రూపాయలు. గడువు 10 ఏళ్లు. ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, ఇంధనం నింపడం, మరమ్మతు వంటి అవసరాలకే రోడ్డు మీదికి తేవాలి. రోజువారీ వాడకం, వాణిజ్య వాడకం కుదరదు.

అభిమానులు ఎక్కువగా ఇష్టపడే బండ్లు ఈ నిర్వచనంలోకి ఇంకా రాలేదు. 1970ల తొలి సంవత్సరాల జావాలకు అర్హత ఉన్నా, 1983 నాటి రాజ్‌దూత్ 350కి 2033లో, 1985 నాటి ఆర్‌ఎక్స్ 100కు 2035లో 50 ఏళ్లు నిండుతాయి. అప్పటివరకు అవి మామూలు పాత వాహనాలే. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. బీమా, కాలుష్య తనిఖీ పత్రం ఉండాలి. 2000 మార్చి 31 వరకు తయారైన ద్విచక్ర వాహనాలకు తనిఖీలో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం దాటకూడదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది.

కొనుగోలు, పునరుద్ధరణ

పత్రాల పరిశీలన: ఆర్‌సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్న నంబర్లతో సరిపోవాలి. ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్‌ను ఆర్‌ఎక్స్ 100 ఛాసిస్‌లో బిగించడం, నంబర్లు చెరిపి తిరిగి కొట్టడం ఎదురయ్యే మోసాలే. వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి.

ఇంజిన్ పని: అరిగిన సిలిండర్‌ను లేత్ వర్క్‌షాప్‌లో బోరు కొట్టించి, సాధారణంగా 0.25 మిల్లీమీటర్ చొప్పున పెద్దదైన పిస్టన్ వేస్తారు. చివరి కొలత కూడా దాటితే కొత్త స్లీవ్ దించాలి. టూస్ట్రోక్‌లో క్రాంక్ ఆయిల్ సీళ్లు ముఖ్యం. మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి చేరి మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి పీల్చుకుని తెల్లని పొగ దట్టంగా వస్తుంది. పొగ చూసి వెంటనే పిస్టన్ మార్చకుండా ముందు సీళ్లు పరీక్షించడం అనుభవమున్న మెకానిక్ పద్ధతి.

పెట్రోలు మార్పు: 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సరఫరా 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరు పైపులనూ గ్యాస్కెట్లనూ దెబ్బతీస్తుంది. బండి నెలల తరబడి నిలిపి ఉంచితే ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయడం, ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయడం మంచిది.

అసలుదనం, వాడకం: పరిరక్షణలో రెండు ధోరణులున్నాయి. పాత రంగు, గీతలు, తుప్పు మరకలతో సహా ఉన్నదున్నట్టు కాపాడటం మొదటిది. కర్మాగారం నుంచి వచ్చినప్పటి రూపానికి తిరిగి తేవడం రెండోది. మొదటిదానిలో చారిత్రక ఆధారం నిలుస్తుంది, రెండోదానిలో బండి నమ్మకంగా నడుస్తుంది. పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, 6 వోల్టుల స్థానంలో 12 వోల్టుల వైరింగ్ వంటి మార్పులు చేసేవారు తీసిన అసలు భాగాలను దాచి ఉంచితే తర్వాతి యజమానికి మూలరూపం అందుబాటులో ఉంటుంది.

సాంస్కృతిక ప్రాధాన్యం

అజయ్ భూపతి దర్శకత్వంలో 2018లో వచ్చిన తెలుగు చిత్రానికి ‘ఆర్‌ఎక్స్ 100’ అనే పేరు పెట్టడం, తయారీ ఆగిన 22 ఏళ్ల తర్వాత కూడా ఆ బండికి ఉన్న గుర్తింపును చూపుతుంది. మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాటకు 2021లో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు చేసిన నృత్యం తెలుగు రాష్ట్రాల్లో విస్తృతంగా ప్రచారమైంది. ఏటా జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ యజమానులు దేశంలోని పలు నగరాల్లో జావా దినోత్సవం జరుపుకుంటారు.

ప్రాధాన్యం, సమస్యలు

ఈ బండ్లకు సాంకేతిక విద్యలోనూ విలువ ఉంది. పాయింట్లు, కార్బొరేటర్, ఆటోలూబ్ పంపు వంటి భాగాలు కంటికి కనిపిస్తూ చేతికి అందుతాయి. అంతర్దహన యంత్రాల సూత్రాలు నేర్చుకునే విద్యార్థికి, సెన్సర్లతో మూసి ఉన్న కొత్త ఇంజిన్ కంటే ఇవి సులభంగా బోధపడతాయి.

మరోవైపు పరిమితులూ స్పష్టం. టూస్ట్రోక్ ఉద్గారాలు నేటి బండ్లకన్నా చాలా ఎక్కువ. డ్రమ్ బ్రేకులు, సన్నని టైర్లు నేటి హైవే వేగాలకు సరిపోవు. అసలు విడిభాగాలు తగ్గిపోతున్నాయి, నకిలీలు పెరిగాయి. అన్నింటికన్నా ముఖ్యమైన కొరత నైపుణ్యానిది. క్రాంక్ విప్పి సరిగ్గా బిగించగల, చెవితో టైమింగ్ పసిగట్టగల మెకానిక్కుల పని చాలావరకు పుస్తకాలకు ఎక్కలేదు. వారి దగ్గర పని నేర్చుకునే యువకులు దొరికి, కొలతలు, పద్ధతులు, విడిభాగాల వివరాలు తెలుగులో నమోదైతే, 2033 నుంచి రాజ్‌దూత్ 350, ఆర్‌ఎక్స్ 100 వంటి బండ్లు ఒక్కొక్కటిగా చట్టబద్ధ వింటేజ్ హోదాకు చేరే నాటికి వాటిని నడిచే స్థితిలో ఉంచడం సాధ్యమవుతుంది.